ఊరు లేని ధాన్యాగారము

చారిత్రక కట్టడములనగానే మన మనస్సునకు కోటలు, దేవాలయములు, రాజప్రాసాదములు స్ఫురించుట సహజము. కాని రైతు పండించిన పంటను దాచిన కొట్టు గూడ ఒక దేశచరిత్రకు సాక్షి కాగలదు. అట్టి సాక్షి యొకటి ఇంగ్లండులో, లండను మహానగరపు పడమటి శివారున, హార్మండ్స్‌వర్త్ అను గ్రామమున నిలిచియున్నది. హైదరాబాదునుండి లండనునకు పోవు మన విద్యార్థులనేకులు దిగు హీత్రూ విమానాశ్రయమునకు ఉత్తరముగా, కూతవేటు దూరమున నున్న పల్లె యిది. అచ్చట దిగువారిలో దీని పేరు వినినవారు అరుదు.

ఈ గ్రామము నిన్న మొన్నటిది కాదు. 1086లో ఇంగ్లండు రాజు వ్రాయించిన భూముల లెక్కలో దీని పేరు కలదు. అంతకు పూర్వమే, 1069లో, విలియం రాజు దీనిని ఫ్రాన్సు దేశమందలి రువాన్ నగరపు మఠమునకు దానమిచ్చెను. 1391లో వించెస్టరు బిషప్పగు విలియం ఆఫ్ వైకమ్ దీనిని ఆ మఠమువారినుండి కొని, తాను 1382లో స్థాపించిన వించెస్టరు విద్యాలయమునకు ఆస్తిగా నొసగెను. డెబ్బదిమంది పేద విద్యార్థులను పోషించి చదివించుటకై వెలసిన విద్యాలయమది. మన దేశమున విద్యాదానమునకై మాన్యములిచ్చిన దాతల సంప్రదాయమెరిగిన వారికి ఈ యేర్పాటు క్రొత్తగా దోపదు. హార్మండ్స్‌వర్త్ రైతు దున్నిన చాలు, దూరాన ఎక్కడనో ఒక పేద బాలుని పుస్తకమునకు ఆధారమయ్యెను.

ఆ పంటను భద్రపరచుటకై విద్యాలయమువారు 1426–27 సంవత్సరములలో ఒక మహా ధాన్యాగారమును నిర్మించిరి. కలపకై ఇద్దరు మనుష్యులను థేమ్సు నదీతీరమందలి కింగ్‌స్టన్ పట్టణమునకు పంపినట్లు నాటి లెక్కల పత్రములలో నమోదై యున్నది. ధాన్యాగారపు పొడవు 192 అడుగులు, వెడల్పు 37 అడుగులు, ఎత్తు 39 అడుగులు. లోపల పండ్రెండు అంకణములు. నడుమ విశాలమైన చావడి, దానికి ఇరుప్రక్కల సన్నని నడవలు. రాతి దిమ్మెలపై నిలిచిన ఓక్ స్తంభములు, వానిని కలుపు దూలములు, ఆ పైన వాసములు, పెంకులు. ఒక కొయ్య కొనను వేరొక కొయ్య బెజ్జములో జొనిపి, చెక్కమేకులతో బిగించిన పనితనమది. నాటి కలపలో మిక్కిలి భాగము నేటికిని చెక్కుచెదరక యున్నది. బండ్లపై వచ్చిన పనలను అంకణములలో పేర్చి, చలికాలమందు లోపలి కళ్లముపైననే నూర్చెడివారు. ఆంగ్లకవి జాన్ బెట్జమన్ దీనిని మిడిల్‌సెక్స్ సీమకు మహాచర్చి యని కొనియాడెను. లోన నిలిచి పైకి చూచినవారికి ఆ మాట అతిశయోక్తిగా దోపదు.

ధాన్యాగారము ఒంటరిది కాదు. దాని ప్రక్కనే సెయింట్ మేరీ చర్చి కలదు. ఆ చర్చి దక్షిణద్వారమందలి శిల్పము 12వ శతాబ్దినాటిది. గోపురము పిమ్మట ఇటుకలతో కట్టినది. కాక్స్ ఆరెంజ్ పిప్పిన్ అను ప్రసిద్ధమైన ఆపిలు జాతిని పెంచిన రిచర్డ్ కాక్స్ సమాధి ఈ చర్చి ఆవరణలోనే యున్నది. చర్చి యెదుట పచ్చిక మైదానము, దాని చుట్టును పాత పానశాలలు, కొయ్యచట్రముల యిండ్లు, ఇటుకల కుటీరములు. ఇవి యొక్కొక్కటిగా చూచిన గొప్ప కట్టడములు కాకపోవచ్చును. అన్నియు కలిసి ఒక ఊరు.

కాలగతిని ధాన్యాగారపు ఉపయోగము క్షీణించెను. 1970ల వరకు వ్యవసాయమునకు పనికివచ్చిన ఈ కట్టడము, 2006లో ఒక సంస్థ చేతిలో పడి మరమ్మతులు లేక శిథిలమగుచుండెను. తుదకు ఇంగ్లీష్ హెరిటేజ్ సంస్థ 2012లో దీనిని 20,000 పౌనులకు కొని, కప్పును, గోడలను బాగుచేయించెను. స్థానికులే మార్గదర్శకులై సందర్శకులకు దీనిని చూపుచున్నారు.

అయినను ప్రమాదము తొలగలేదు. హీత్రూ అను పేరే ఒక హెచ్చరిక. అదియు పూర్వమొక పల్లె పేరే. యుద్ధావసరమను కారణముతో 1944లో ప్రభుత్వమా పల్లె భూములను వశపరచుకొని, ఇండ్లను కూల్పించెను. 1946లో అచ్చట పౌర విమానాశ్రయము తెరువబడెను. యుద్ధకాలపు అధికారములను సాకుగా వాడితిమని నాటి వైమానిక శాఖ ఉపమంత్రి హారాల్డ్ బాల్ఫర్ 1973లో ప్రచురించిన ఆత్మకథలో ఒప్పుకొనెను. పల్లె మాత్రము తిరిగి రాలేదు.

ఇపుడు ఆ విమానాశ్రయమునకు మూడవ రన్‌వే కావలెనని వాదము. ఉన్న రెండును దాదాపు నిండిపోయినవి. వర్తకమునకు, ఉద్యోగములకు విస్తరణ అవసరమని దాని పక్షమువారు చెప్పుదురు. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. 2015లో ప్రభుత్వ విమానాశ్రయ సంఘము వాయవ్య దిశను క్రొత్త రన్‌వేను సూచించెను. ఆ లెక్కలో 783 ఇండ్లు పోవలసియుండెను. 2018లో పార్లమెంటు ఆమోదించెను. 2020లో న్యాయస్థానములలో వ్యాజ్యములు నడచెను. 2025 జనవరిలో ప్రభుత్వము తన మద్దతును మరల ప్రకటించెను. ఇరువదియేండ్లకు పైగా ఇచ్చటి గృహస్థుడు ఈ అనిశ్చితిలోనే జీవించుచున్నాడు. రేపు కూలవచ్చునను ఇంటికి కప్పు మార్చుటకు ఎవని చేయి సాహసించును?

ఇందులో వింత యేమనగా, 2015నాటి ఆ పథకమున ధాన్యాగారమును, చర్చియు సరిహద్దునకు ఆవలనే మిగులును. కూలునది వాని యెదుటి వీథులు, ఇండ్లు. చట్టము ప్రథమశ్రేణి కట్టడమును కాపాడును గాని, దానికి అర్థమిచ్చిన పరిసరమును కాపాడుటకు దానికి బలము చాలదు. చర్చికి పోవుటకు జనము లేక, ధాన్యాగారమునకు ఊరు లేక, ఆ రెండును కంచె ప్రక్కన వస్తుప్రదర్శనశాలలోని బొమ్మలవలె నిలిచిన, వానిని కాపాడితిమని చెప్పుకొనుటకు నోరు రాదు.

చరిత్రను బోధించువారు విద్యార్థులకు దెలుపవలసిన భేదమిది: కట్టడము వేరు, గ్రామము వేరు. కట్టడమును కొలత వేయవచ్చును, అవసరమైన విప్పి తిరిగి కట్టవచ్చును. గ్రామమట్లు కాదు, అది పొరుగువారి పరిచయములు, తాతల సమాధులు, బడికి పోవు దారి కలిసి ఏర్పడినది. ఆరువందల యేండ్లనాడు వడ్రంగులు స్తంభములను నిలిపినది తమ పనితనమును ప్రదర్శించుటకు గాదు. ఆ పొలముల పంట ఆ యూరిలో నిలువ యుండవలెనని నిలిపిరి. ఆ సంగతిని మరచి స్తంభములను మాత్రమే కాపాడిన, కాపాడినది సగమే యగును.