ముందు చక్రానికి నాలుగు స్టడ్‌లు

ఎడ్లబండి ఇరుసు చివర కడసీల అని ఒకటి ఉంటుంది. వేలెడంత ఇనుప ముక్క. అది జారిందంటే చక్రం తన దారి తను చూసుకుంటుంది, బండి ఒక పక్కకి ఒరుగుతుంది. కారులో ఆ పని చేసేవి స్టడ్‌లు. మన సాహిత్య సంచికలో బోల్టుల గొడవేంటి అని ఎడిటర్ గారు అడిగినప్పుడు నేను చెప్పిన సమాధానం ఇదే: కడసీల గురించి రాస్తే సాహిత్యం, స్టడ్ గురించి రాస్తే వర్క్‌షాపు రికార్డా?

ముందు అదేంటో చెప్తాను. టైరు మార్చేటప్పుడు మనం విప్పే నట్లు ఏ కడ్డీ మీద తిరుగుతాయో అది స్టడ్. ఒక చివర మరలు, ఇంకో చివర గుండ్రటి తల, తల కింద చిన్న చిన్న పళ్ళు. లేత్ మీద మనం నర్లింగ్ చేస్తాం చూడండి, అలాంటివే, కాకపోతే నిలువుగా ఉంటాయి. హబ్ వెనక నుంచి బిగుతుగా నొక్కితే ఆ పళ్ళు హబ్ రంధ్రంలో కోసుకుని కూర్చుంటాయి. అందుకే నట్టు ఎంత తిప్పినా స్టడ్ తిరగదు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా లాంటి వాటిలో ఈ ఏర్పాటు ఉండదు, నేరుగా బోల్టే హబ్‌లోకి పోతుంది. మన దగ్గర తిరిగే మారుతీ, హ్యుందాయ్, టయోటా, హోండా కార్లన్నిటికీ స్టడ్‌లే.

మాది పాత హ్యుందాయ్ హ్యాచ్‌బ్యాక్. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మారుద్దామని స్పానర్ పట్టుకున్నాను. ముందు ఎడమ చక్రానికి మూడు నట్లకి 21 స్పానర్ పట్టింది, నాలుగోదానికి వదులుగా తిరిగింది. 19 పెడితే సరిగ్గా కూర్చుంది. అప్పుడే అనుమానం వచ్చింది. హ్యుందాయ్ నట్లకి 21, మారుతీ నట్లకి 19. అంతకు నెల ముందు హైవే పక్కన ఎక్కడో పంక్చర్ వేయించారు నాన్న. అక్కడ నట్టు పోయి ఉంటుంది, ఏదో ఒకటి దొరికింది, గన్‌తో బిగించేశారు.

ఇందులో ప్రమాదం ఎక్కడుందంటే, రెండూ 12 మిల్లీమీటర్ల నట్లే. కంటికి తేడా తెలీదు. కానీ హ్యుందాయ్ మరల మధ్య దూరం 1.5 మిల్లీమీటర్లు, మారుతీది 1.25. చేత్తో తిప్పితే ఒకటి రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది. ఆ పట్టేయడం నట్టు మనతో మాట్లాడటమే, 'నేను నీదాన్ని కాదు' అని. గన్‌కి ఆ మాట వినపడదు. పాత మరల్ని కోసుకుంటూ లోపలికి పోతుంది. దాన్ని విప్పబోతే సగం తిరిగి, 'టప్' మని స్టడ్ తెగింది. పక్క స్టడ్ మరలు కూడా అరిగి మెరుస్తున్నాయి.

నాన్న సోమవారం ఏలూరు వెళ్ళాలి, అమ్మమ్మని హాస్పిటల్లో చూపించి తీసుకురావాలి. విజయవాడ నుంచి అరవై కిలోమీటర్లు, అంతా హైవే.

"మూడు గట్టిగానే ఉన్నాయి కదమ్మా, నెమ్మదిగా వెళ్ళొస్తాలే" అన్నారు.

ఈ మూడు చాలవా అన్న ప్రశ్నకి సమాధానం మన మెషీన్ డిజైన్ పుస్తకంలోనే ఉంది, పరీక్ష రాసి మర్చిపోయాం అంతే. కారు బరువుని స్టడ్‌లు మేకుల్లాగా మోస్తాయని చాలామంది అనుకుంటారు. కాదు. నట్టు బిగించినప్పుడు స్టడ్ రబ్బరు బ్యాండులా కొద్దిగా సాగుతుంది. సాగి, వెనక్కి లాగుతూ చక్రాన్ని హబ్‌కి అదిమి పెడుతుంది. ఆ ఒత్తిడి వల్ల పుట్టే రాపిడే చక్రాన్ని కదలకుండా ఆపుతుంది. లెక్క చిన్నదే: టార్క్‌ని 0.2 తోనూ, స్టడ్ వ్యాసంతోనూ భాగిస్తే బిగింపు బలం వస్తుంది. 100 న్యూటన్ మీటర్లతో 12 మిల్లీమీటర్ల స్టడ్‌ని బిగిస్తే దాదాపు 42 కిలోన్యూటన్లు, అంటే నాలుగు టన్నుల పైమాట. నాలుగు స్టడ్‌లకి కలిపి 17 టన్నులు. ఆ చక్రం మీద పడే బరువు చూస్తే మూడు వందల కిలోలు కూడా ఉండదు.

అలాంటప్పుడు మూడు స్టడ్‌లకి 12 టన్నులు, బోలెడు కదా? నిలబడి ఉన్న కారుకైతే బోలెడే. తిరిగే చక్రానికి లెక్క వేరు. స్టడ్ లేని చోట అదిమే బలం తక్కువ. ఆ భాగం కిందికొచ్చిన ప్రతిసారీ అక్కడ చక్రానికీ హబ్‌కీ మధ్య సూక్ష్మంగా కదలిక ఉంటుంది, పక్కనున్న రెండు స్టడ్‌లు వంగి లేస్తాయి. 13 అంగుళాల చక్రానికి వేసే 155/80 టైరు కిలోమీటరుకి సుమారు 550 సార్లు తిరుగుతుంది. ఏలూరు వెళ్ళి వచ్చేసరికి 66,000 సార్లు. ఇనుప తీగని అటూ ఇటూ వంచి విరగ్గొట్టడం అందరూ చేసిందే, ఇదీ అదే పని. ఒకటి తెగిందంటే పక్కవాటి ఆయుష్షు అప్పటికే కొంత ఖర్చయిపోయి ఉంటుంది. అందుకే తెగిన ఒక్కదాన్ని కాకుండా ఆ చక్రానివి నాలుగూ మార్చాలని పట్టుబట్టాను. నాన్నకి ఈ లెక్క అంతా చెప్పలేదు, తీగ సంగతి ఒక్కటే చెప్పాను. ఒప్పుకున్నారు.

శనివారం ఆటోనగర్ వెళ్ళాను. కారు పేరు చెప్పి 'స్టడ్ ఇవ్వండి' అని అడగొద్దు. పాతది తీసుకెళ్ళండి, వెర్నియర్ కాలిపర్ కూడా తీసుకెళ్ళండి (ల్యాబ్‌లో తప్ప ఎక్కడా వాడం అనుకునే ఆ పరికరానికి ఇదే పండగ రోజు). తెగిన ముక్క దుకాణానికి పనికిరాదు, అందుకని ముందు బాగున్న స్టడ్ ఒకటి తీసి పట్టుకెళ్ళాలి. చూడాల్సినవి: మరల వ్యాసం, మరల మధ్య దూరం, తల కింద నుంచి పొడవు, అన్నిటికన్నా ముఖ్యంగా పళ్ళ దగ్గర వ్యాసం. పళ్ళ దగ్గర పావు మిల్లీమీటరు తగ్గినా హబ్‌లో వదులుగా కూర్చుంటుంది, రేపు నట్టు విప్పబోతే స్టడ్ కూడా దానితో పాటు గిర్రున తిరుగుతుంది. ఎక్కువైతే హబ్ పగలొచ్చు. నట్లు కూడా నాలుగూ కొత్తవే కొన్నాను.

ఇంట్లో పని మొదలెట్టే ముందు జాకీ గురించి. ముందు చక్రం లేపుతున్నాం కాబట్టి హ్యాండ్ బ్రేక్ పనిచేస్తుంది, అది వెనక చక్రాలకి కదా. కానీ 'గేర్లో పెట్టాను, కదలదులే' అన్న ధైర్యం ఇక్కడ చెల్లదు. మన చిన్న కార్లలో ఇంజిన్ తిప్పేది ముందు చక్రాల్నే. ఒక ముందు చక్రం గాల్లో ఉంటే డిఫరెన్షియల్ పుణ్యమా అని అది ఖాళీగా తిరుగుతుంది, నేల మీదున్న రెండోది దొర్లిపోవచ్చు. కాబట్టి వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్కదిమ్మెలు పెట్టాల్సిందే. కారుతో వచ్చే జాకీ టైరు మార్చడానికే, దాని మీద భరోసా పెట్టి గంటల తరబడి పనిచేయకూడదు. కింద స్టాండ్ పెట్టాలి. ఇటుకలు పేర్చడం మాత్రం వద్దే వద్దు, పగిలేటప్పుడు ముందుగా చెప్పి పగలవు. ఊడదీసిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టమన్నారు మా బాబాయి. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. స్టాండ్ జారినా కారు టైరు మీద పడుతుంది, మన మీద కాదు.

నట్లు చక్రం నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేసి, తర్వాత లేపి, చక్రం తీయాలి. లోపల డిస్కు, దాన్ని పట్టుకున్న క్యాలిపర్ కనిపిస్తాయి. క్యాలిపర్ బ్రాకెట్‌ని వెనక నుంచి రెండు పెద్ద బోల్టులు పట్టుకుని ఉంటాయి. అవి విప్పి మొత్తం ఒకే ముక్కగా తీశాం. తీసిన క్యాలిపర్‌ని బ్రేక్ గొట్టానికి వేలాడనివ్వకూడదు, లోపల తెగినా పైకి కనపడదు. బైండింగ్ వైరుతో సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టాం. అక్కడి నుంచి మళ్ళీ బిగించేదాకా ఎవరూ బ్రేక్ తొక్కకూడదు, పిస్టన్ బయటికి తన్నుకొస్తుంది. మా తమ్ముడికి స్టీరింగ్ ముందు కూర్చోవడం ఇష్టం, అందుకని తాళాలు నా జేబులో వేసుకున్నాను.

డిస్కుని హబ్‌కి పట్టుకుని రెండు స్టార్ స్క్రూలు ఉన్నాయి. పనంతటిలో నన్ను ఎక్కువ ఏడిపించినవి ఇవే. తుప్పు పట్టి, స్క్రూడ్రైవర్ పెడితే తల అరిగిపోతుంది. బాబాయి తుప్పు నూనె వేసి, టీ తాగొచ్చి, స్క్రూడ్రైవర్ని గట్టిగా అదిమి పట్టుకుని వెనక సుత్తితో రెండు దెబ్బలు వేశారు. తర్వాత తిప్పితే వచ్చాయి. ఆ దెబ్బకి తుప్పు పట్టు వదులుతుందట. నేనైతే టీ మహిమే అనుకుంటున్నాను.

ఇప్పుడు అసలు పని. హబ్ వెనక అంతా నకిల్ అడ్డం ఉంటుంది, ఒక చోట మాత్రం కాస్త ఖాళీ. హబ్‌ని తిప్పుతూ ఒక్కో స్టడ్‌ని ఆ ఖాళీ ఎదురుగా తెచ్చి వెనక్కి తోయాలి. కొన్ని కార్లలో ఈ ఖాళీ చాలదు, హబ్ మొత్తం పీకాలి, బేరింగ్ ప్రెస్ చేయాలి. అది ఇంట్లో అయ్యే పని కాదు. అందుకే స్పానర్ పట్టుకోక ముందే టార్చి వేసి వెనక చూడండి.

తోయడానికి చాలామంది సుత్తినే వాడతారు. బాబాయి కూడా ముందు సుత్తే అందుకున్నారు. నేను వద్దన్నాను. హబ్ మీద కొట్టే ప్రతి దెబ్బా చక్రం బేరింగ్‌లోని గుండ్ల మీదుగానే నకిల్‌కి చేరుతుంది. బంతి ఆనే చోటు చుక్కంత, అక్కడ దెబ్బ పడితే దారిలో గుంట పడుతుంది. మర్నాటి నుంచే 'గుంయ్' మని శబ్దం. "బస్సులకి ఇలాగే కొట్టేవాళ్ళం" అన్నారాయన. "బస్సు బేరింగ్ ఎంతుంటుంది బాబాయ్, దీనిదెంత?" అంటే నవ్వి సుత్తి పక్కన పెట్టేశారు. స్టీరింగ్ బాల్ జాయింట్ విప్పే పుల్లర్ వాడాం. దాని ఫోర్క్ హబ్ వెనక ఆనుతుంది, ముందున్న స్క్రూ తిప్పుతుంటే స్టడ్ కొనని నొక్కుతుంది. 'టక్' మని ఒక శబ్దం, స్టడ్ వదిలేస్తుంది. ముక్కయిన స్టడ్ కూడా ఇలాగే వచ్చింది.

కొత్తది వెనక నుంచి పెట్టి, పాత పళ్ళ గాళ్ళలోకి సరిగ్గా కుదిరేలా వేలితో తిప్పి చూసుకోవాలి. తర్వాత ముందు వైపు నాలుగైదు మందపాటి వాషర్లు, వాటి మధ్య కాస్త గ్రీజు, వాటి మీద పాత నట్టు తిరగేసి, అంటే వాలు వైపు బయటికి ఉండేలా. నట్టు బిగిస్తూ పోతే స్టడ్ ముందుకి లాక్కొస్తుంది. కొత్త నట్టు దీనికి వాడొద్దు, దాని మరలు పాడవుతాయి. చక్రం పెట్టి దాని మీదే బిగించి లాగేయడం కూడా కొందరు చేస్తారు. రిమ్ములో నట్టు కూర్చునే వాలు చెడిపోతుంది, పైగా స్టడ్ పూర్తిగా కూర్చుందో లేదో తెలీదు.

ఇక్కడ ఒక చిక్కు. నట్టు తిప్పుతుంటే హబ్ కూడా తిరుగుతుంది, ఆపడానికి బ్రేక్ లేదు. అందుకు గునపం. కొబ్బరి మొక్క పాతడానికి తెచ్చిన గునపాన్ని మిగతా రెండు స్టడ్‌ల మధ్య దూర్చి, ఇంకో చివర నేలకి ఆనించాం. మరలు నలగకుండా వాటికి నట్లు తొడిగాం. స్టడ్ తల వెనక ఆనిన క్షణం చేతికి తెలుస్తుంది, అప్పటిదాకా ఒకేలా వస్తున్న బరువు ఒక్కసారిగా పెరుగుతుంది. అక్కడ ఆపి, వెనక వేలు పెట్టి తల చుట్టూ సందు లేదని చూసుకోవాలి. సందు మిగిలితే రోడ్డు మీద అది తర్వాత కూర్చుంటుంది, నట్టు వదులవుతుంది. కొత్త స్టడ్ పాత రంధ్రంలో వదులుగా తిరుగుతుంటే వెల్డింగ్ పెట్టిద్దాం అనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. వినొద్దు. వేడి చేసి ప్రత్యేకంగా గట్టిపరచిన ఉక్కు అది, వెల్డింగ్ వేడికి ఆ గుణం చెడుతుంది. అలాంటప్పుడు హబ్బే మార్చాలి.

బిగింపు వెనక నుంచి ముందుకి అదే దారి. హబ్ ముఖాన్నీ, డిస్కునీ వైరు బ్రష్షుతో గీకి తుప్పు పొర తీశాను. బ్రాకెట్ బోల్టులు మాన్యువల్ చెప్పిన టార్క్‌కి. ఆ తర్వాత కారు కదపక ముందే బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కాలి, ఇది మర్చిపోతే మొదటి బ్రేకు గాల్లోకే. నట్లు చేత్తో చివరిదాకా తిప్పి, ఎదురెదురుగా బిగించి, కారు దించాక టార్క్ రెంచ్. మా కారుకి 9 నుంచి 11 కిలోల మీటర్లు, అంటే సుమారు 88 నుంచి 108 న్యూటన్ మీటర్లు. మరలకి నూనె రాయలేదు. నూనె ఉంటే రాపిడి తగ్గి, అదే టార్క్‌కి స్టడ్ ఇంకా ఎక్కువ సాగిపోతుంది.

స్పానర్ మీద ఎక్కి నిలబడి బిగించే వాళ్ళ కోసం ఇంకో లెక్క. 70 కిలోల మనిషి 40 సెంటీమీటర్ల పిడి చివర నిలబడితే దాదాపు 275 న్యూటన్ మీటర్లు. పై సూత్రంలో వేస్తే 114 కిలోన్యూటన్లు. 10.9 తరగతి స్టడ్ అనుకున్నా అది భద్రంగా ఓర్చుకునేది 73. తుప్పు రాపిడిలో కొంత పోతుంది కాబట్టి అక్కడికక్కడే తెగదు, సాగి ఊరుకుంటుంది. టార్క్ రెంచ్ దొరక్కపోతే 25 సెంటీమీటర్ల పిడి చివర 40 కిలోల బరువుతో నొక్కినట్టు ఊహించుకోండి, 98 వస్తుంది. బాత్రూం తూకం మీద చేతులు పెట్టి నొక్కి చూస్తే 40 కిలోలు అంటే ఎంతో చేతికి తెలిసిపోతుంది.

నాన్న సోమవారం రాత్రి ఏలూరు నుంచి వచ్చాక, ఇంజిన్ చల్లారాక, మళ్ళీ రెంచ్ పెట్టాను. కొత్త స్టడ్‌లు మొదటి వంద కిలోమీటర్లలో కాస్త సర్దుకుంటాయి, అందుకే రెండోసారి చూడటం. రెండు నట్లు కొంచెం తిరిగి 'క్లిక్' మన్నాయి, మిగతా రెండూ అసలు కదల్లేదు. పనిలో పనిగా మిగతా మూడు చక్రాల పన్నెండు నట్లకీ స్పానర్ పెట్టి చూశాను. అన్నీ 21వే.