శనగ తెగుళ్ల సమాచార నిర్వహణలో హైపర్‌టెక్స్ట్ వినియోగం

అహోబిలం కొండల దిగువన ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంతపు నల్లరేగడి నేలల్లో శనగ ముఖ్యమైన రబీ పంట. నేలలో నిలిచిన తేమతోనే ఇది చాలావరకు పండుతుంది. మొక్కలు అక్కడక్కడ ఎండిపోతున్నప్పుడు రైతుకు కనిపించే లక్షణం ఒక్కటే అయినా కారణాలు వేరుగా ఉండవచ్చు.

కాండం మొదలును నిలువుగా చీల్చినప్పుడు లోపలి నాళాలు గోధుమ లేదా నలుపు రంగులో ఉంటే అది ఫ్యుజేరియం వల్ల కలిగే ఎండు తెగులు. తల్లివేరు పెళుసుబారి, పిల్లవేర్లు నశించి, మొక్కను లాగినప్పుడు వేరు నేలలోనే తెగిపోతే అది రైజోక్టోనియా బటాటికోలా కలిగించే ఎండు వేరుకుళ్ళు. జె.జి. 11 వంటి ఎండు తెగులును తట్టుకొనే రకం వేసినంత మాత్రాన రెండవ తెగులు నుండి రక్షణ లభించదు. పూత, కాయ దశల్లో బెట్టకు అధిక ఉష్ణోగ్రత తోడైతే వేరుకుళ్ళు ఉధృతమవుతుంది.

వ్యవసాయ పంచాంగం వంటి గ్రంథాల్లో సమాచారం పంటలవారీగా ఉంటుంది. వరుసగా చదివేవారికి అది అనుకూలమే. ఎండిన మొక్కను చేతబట్టుకొని రైతు సేవా కేంద్రానికి వచ్చిన వ్యక్తి ప్రశ్న మాత్రం లక్షణంతో మొదలవుతుంది. ఇటువంటి అవసరానికి హైపర్‌టెక్స్ట్ తగిన సాధనం. విషయాలను వాటి సంబంధాలను బట్టి జతపరచే యంత్రాన్ని వానెవర్ బుష్ 1945లో ఊహించగా, టెడ్ నెల్సన్ 1965లో హైపర్‌టెక్స్ట్ అనే పేరు పెట్టారు. టిమ్ బెర్నర్స్-లీ 1989లో చేసిన ప్రతిపాదన ఈ పద్ధతిని వరల్డ్ వైడ్ వెబ్‌గా విస్తరింపజేసింది.

ఇందులో సమాచారాన్ని చిన్న అంశాలుగా విడదీసి లంకెలతో కలుపుతారు. "కాండం చీల్చి చూడండి" అనే అంశం నుండి రెండు దారులు చీలుతాయి. ఒకటి తట్టుకొనే రకాలు, విత్తనశుద్ధి, పంటమార్పిడి వైపు, మరొకటి విత్తే సమయం, నేల తేమ, వీలున్నచోట తేలికపాటి తడి వైపు సాగుతాయి. లంకె ఎందుకు ఇచ్చారో, అంటే "కారణం", "నివారణ", "పోలిక" అనే సంబంధాన్ని, దానిపైనే సూచించుట మేలు. లేనియెడల చదువరి లంకె వెంట లంకె తిరుగుతూ దారి తప్పుతాడు.

తెలుగులో మరొక చిక్కు ఉంది. కందిలో ఎండు తెగులు, శనగలో ఎండు తెగులు పేరుకు ఒక్కటే. రెండింటికీ ఫ్యుజేరియమే కారణమైనా జాతులు వేరు. పదాన్ని మాత్రమే చూసి కలిపే వ్యవస్థ శనగ రైతును కంది పుటకు చేర్చగలదు. అందుకే ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ నిర్వహించే ఆగ్రోవాక్ పదకోశం ప్రతి భావనకూ ఒక ప్రత్యేక సంకేతాన్ని ఇచ్చి, వివిధ భాషల పదాలను దానికి జతచేస్తుంది. ఆ భాషలలో తెలుగూ ఉంది. ఐఐటీ కాన్పూర్, ఇక్రిశాట్ తదితర సంస్థలు కలిసి 2009లో ప్రారంభించిన ఆగ్రోపీడియా సైతం పంటల భావచిత్రాల ఆధారంగానే సమాచారాన్ని అమర్చింది.

మందు మోతాదును పది పుటల్లో రాయక ఒకే అంశంలో ఉంచి, మిగిలిన పుటలనుండి లంకె ఇవ్వాలి. ఆ అంశంపై సవరించిన తేదీ తప్పనిసరి. ఒక మందును నిషేధించిన పక్షంలో దిద్దుబాటు ఒక్కచోట చేస్తే సరిపోతుంది, పాత సిఫారసు మరొక పుటలో మిగిలిపోయి పొలం వరకు చేరదు.