అమ్మానాన్నలకి డిఫ్యూజర్ కొంటున్నారా? ముందు వాళ్ల మాత్రల స్ట్రిప్ చూడండి

పెళ్లిరోజుకి అమ్మానాన్నలకి ఏం కొనాలో తోచక ఫోన్‌లో వెతికితే ఈమధ్య డిఫ్యూజర్లే కనిపిస్తున్నాయి. పక్కనే లావెండర్, లెమన్‌గ్రాస్, నీలగిరి తైలం సీసాలు. కొనండి, తప్పేం లేదు. కాకపోతే వాళ్లు రోజూ వేసుకునే మాత్రల్లో అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ లాంటి పేరేమైనా ఉందేమో చూడండి. చివర్లో 'స్టాటిన్' అని ఉంటే అది కొలెస్ట్రాల్ మందు.

ఉంటే డిఫ్యూజర్ మానేయాలా? అక్కర్లేదు. వాసన పీల్చినప్పుడు ఒంట్లోకి చేరే నూనె చాలా తక్కువ. కిటికీ కాస్త తెరిచి ఓ అరగంట పెట్టుకుని ఆపేస్తే చాలు. ఆస్తమా ఉన్నవాళ్లున్న గదిలో మాత్రం వద్దు.

అసలు గొడవ తాగడంతోనే. 'రెండు చుక్కలు గోరువెచ్చని నీళ్లలో' అనే రీల్స్ చూసే ఉంటారు. ఆ పని చేయొద్దు. నీలగిరి తైలం కొద్దిగా మింగినా ఫిట్స్ రావొచ్చు, పిల్లలకైతే మరీ ప్రమాదం.

ఇక గ్రేప్‌ఫ్రూట్ సంగతి. ద్రాక్ష కాదండోయ్, నారింజ జాతి పండు. దాని రసం తాగితే కొన్ని మందులు రక్తంలో బాగా పెరిగిపోతాయని 1989లో కెనడా పరిశోధకులు ఓ బీపీ మాత్రని పరీక్షిస్తుంటే అనుకోకుండా బయటపడింది. పేగుల్లో మందుని విరగ్గొట్టే ఎంజైమ్‌ని ఆ రసం ఆపేస్తుంది. సిమ్వాస్టాటిన్‌తో ఈ ఇబ్బంది ఎక్కువ, అటోర్వాస్టాటిన్‌తో కొంత, రోసువాస్టాటిన్‌తో దాదాపు లేదు. వినాయకచవితికి పాలవెల్లికి కట్టే మన పంపరపనస కూడా ఆ పండుకి దగ్గరి చుట్టమే. పండగయ్యాక నాన్న దాన్ని ఒలుచుకుని తినేముందు డాక్టర్‌ని ఓ మాట అడగండి. గ్రేప్‌ఫ్రూట్ నూనె వాసన చూస్తే ఏమీ కాదు, నోట్లో మాత్రం వేసుకోవద్దు.

అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకోవాల్సింది ఒళ్లునొప్పులు. స్టాటిన్ వేసుకునేవాళ్లలో కొందరికి తొడలు, పిక్కలు, భుజాలు నొప్పి పుడతాయి, తరచుగా రెండు వైపులా. అమ్మ 'వయసైపోయిందిలే' అంటుంది. మనం ప్రేమగా నీలగిరి తైలం రాసి మర్దన చేస్తాం. చల్లగా అనిపిస్తుంది, నొప్పి మరుగున పడుతుంది, డాక్టర్ దాకా మాట వెళ్లదు. ప్రతి నొప్పీ మాత్ర వల్లే రాదు, థైరాయిడ్ కావచ్చు, నిన్న మోసిన గ్యాస్ సిలిండర్ కావచ్చు. తేల్చడానికి సీకే అనే రక్తపరీక్ష ఉంది. మందు కొత్తగా మొదలుపెట్టాకో, డోసు పెంచాకో వచ్చిన నొప్పి అయితే నూనె రాసి ఊరుకోవద్దు. నీరసంతో పాటు మూత్రం కోలా రంగులో వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఇది అరుదే, కానీ కిడ్నీలు దెబ్బతింటాయి.

నొప్పి బామ్‌లలో ఉండే గంధపుర తైలంలో దాదాపు అంతా మిథైల్ సాలిసిలేటే, ఆస్పిరిన్‌కి చుట్టం. గుండెజబ్బు ఉన్నవాళ్లకి స్టాటిన్‌తో పాటు రక్తం పలచబడే మందులూ ఇస్తారు. అలాంటివాళ్లు ఈ నూనెని అడక్కుండా రోజూ పూసుకోకూడదు.

మామూలు మర్దనకి లావెండర్ లాంటిదైతే 30 మిల్లీలీటర్ల కొబ్బరినూనెలో 12 చుక్కలు చాలు. ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒకరోజు ఆగండి.

సీసా మీద 'కొలెస్ట్రాల్ తగ్గిస్తుంది' అని ఎంత అందంగా రాసినా మాత్ర ఆపించకండి. ఈసారి చెకప్‌కి వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్‌తో పాటు ఆ నూనె సీసాలకీ ఫొటో తీసి పెట్టుకోండి. డాక్టర్ 'ఇంకేమైనా వాడుతున్నారా?' అంటే అమ్మ ఎలాగూ 'ఏం లేదండీ' అనే అంటుంది.