ఈ కత్తి టమాటా కూడా కోయట్లేదు!

చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో మా అమ్మకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. రోజుకు పది కిలోల ఉల్లిగడ్డలు, ఐదారు కిలోల టమాటాలు కోయాలి. పోయినేడాది ఆన్‌లైన్‌లో ఒక కత్తి నేనే తెప్పించాను. తళతళా మెరిసిపోయేది. నెల తిరక్కుండానే టమాటా తొక్క మీద జారడం మొదలైంది. ఒకరోజు అలా జారే అమ్మ బొటనవేలు తెగింది. మూడు కుట్లు. మొద్దు కత్తిని గట్టిగా నొక్కుతాం కదా, జారితే ఆ బలమంతా వేలి మీదకే వస్తుంది.

ఆ కత్తి తీసుకెళ్లి లేత్ షాపులో తెలిసినన్నకు చూపించాను. గ్రైండర్‌కు ఒక్కసారి ఆనించాడు. నిప్పురవ్వలు వచ్చాయి కానీ చివర్లో పువ్వుల్లా విచ్చుకోలేదు. "కార్బన్ లేదు తమ్మీ. పదును ఎట్ల నిలుస్తది?" అన్నాడు.

అసలు సంగతి ఇదీ. స్టీలుకు గట్టిదనం ఇచ్చేది కార్బన్. తుప్పు పట్టకుండా కాపాడేది క్రోమియం. గిన్నెలకు వాడే 304 స్టెయిన్‌లెస్‌లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. తుప్పు రాదు, కానీ ఎర్రగా కాల్చి ముంచినా గట్టిపడదు. దాంతో కత్తి చేస్తే అంతే. చౌక కత్తుల్లో ఎక్కువగా కనిపించేది 420 రకం. దాన్ని గట్టిపరచొచ్చు, కానీ కార్బన్ తక్కువైతే పదును త్వరగా పోతుంది. ఇంట్లో అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే ఆ కత్తి మీద ఆశ వదులుకోండి. అంటుకున్నంత మాత్రాన మంచిదని కాదు, మామూలు ఇనుముకీ అంటుకుంటుంది!

లేత్ షాపుల్లో పవర్ హాక్సా బ్లేడు విరిగితే పారేయరు. అరగదీసి కత్తి చేసుకుంటారు. హైస్పీడ్ స్టీల్ అది. 500 డిగ్రీల వేడిలోనూ మెత్తబడదు, పదును వారాల తరబడి నిలుస్తుంది. కానీ పెళుసు. బండల మీద పడితే రెండు ముక్కలే. బొక్కల కూరకి దాన్ని ముట్టుకోవద్దు.

ఆవకాయకు టెంకతో సహా కాయ కొట్టాలంటే లారీ కమాన్ పట్టీతో కమ్మరి చేసిందే కావాలి. కార్బన్ 0.6 శాతం దాకా ఉంటుంది, దెబ్బకు ఓరుస్తుంది. చింతపండు, నిమ్మకాయ తగిలితే నల్లబడుతుంది. తుడిచి చుక్క నూనె రాస్తే చాలు. సాన పట్టించేటప్పుడు మాత్రం పక్కనే నిలబడండి. అంచు నీలం తిరిగిందంటే ఆ గట్టిదనం పోయినట్టే.

మన దగ్గర ఉక్కు కథ చిన్నదేం కాదు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వ్యాపారి వచ్చి కూర్చునేవాడట. హెన్రీ వాయ్‌సీ అనే సర్వే డాక్టర్ అది చూసి రాశాడు, 1832లో అచ్చయింది. ఆన్‌లైన్‌లో 'డమాస్కస్' అని గీతలు చూపించి అమ్మే కత్తులకూ దానికీ సంబంధం లేదు. కొన్నింటి మీదైతే ఆ గీతలు ఉత్త ప్రింటే.

ఇప్పుడు అమ్మ దగ్గర ఉల్లిగడ్డలకు హాక్సా కత్తి, మిగతావాటికి కమాన్ పట్టీ కత్తిపీట ఉన్నాయి. నేను కొన్న మెరుపు కత్తితో పాల ప్యాకెట్లు కత్తిరిస్తోంది. అది కూడా రెండుసార్లు గీకితేనే.