పరిశోధన పత్రికలు పదికాలములు నిలుచుట ఎట్లు?

హైదరాబాదు నగరమునకు తూర్పున, విజయవాడ రహదారి మీదనున్న హయత్‌నగర్‌లో కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థవారి క్షేత్రమొకటి కలదు. 1985లో ఏర్పడిన ఈ సంస్థను ‘క్రిడా’ అని వ్యవహరించుచున్నారు. హయత్‌నగర్ ఎర్ర చెల్క నేలలో 1995 నుండి జొన్నను, ఆముదమును మార్చి మార్చి పండించుచు ఒక దీర్ఘకాల ప్రయోగము జరిపినారు. దున్నుట తగ్గించినచో ఏమగును, గ్లైరిసీడియా ఆకును గాని జొన్న చొప్పను గాని నేలకు చేర్చినచో సారము ఎంత పెరుగును అని ఏటేట పరీక్షించినారు.

ఇట్టి ప్రయోగమునకు ఒక విశేషమున్నది. ప్రయోగశాలలో చేసిన పనిని మరల చేయవచ్చును. కాని వాననమ్ముకొన్న పొలములో గడచిన ఏటి వాన తిరిగి రాదు. ఆ యేటి ఫలితము వ్రాతలో నిలిచిననే నిలిచినట్లు. అందుచేత ఆ వ్రాత ఎక్కడ, ఎవరి చేతిలో ఉన్నదను ప్రశ్న పండితులకే కాదు, మెట్ట రైతునకును సంబంధించినదే.

ఒకప్పుడు పరిశోధన పత్రికలు అచ్చయి అనేక గ్రంథాలయములకు చేరెడివి. ఒకచోట చెదలు పట్టినను వేరొకచోట ప్రతి మిగిలెడిది. నేడు పత్రికలు కంప్యూటరు తెర మీదికి వచ్చినవి. చందా కట్టకయే ఎవరైనను చదువుకొనగల పద్ధతికి ‘ఓపెన్ యాక్సెస్’ అని పేరు. భారత వ్యవసాయ పరిశోధన మండలి 2013లో ఈ విధానమును స్వీకరించినది. 1931లో ప్రారంభమైన ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ అగ్రికల్చరల్ సైన్సెస్’ కూడ ఇప్పుడు ఈ రీతిగనే లభించుచున్నది. పల్లెటూరి కళాశాల విద్యార్థికి ఇది గొప్ప మేలు.

అయితే తలుపు తెరచి ఉంచుట వేరు, ఇల్లు కూలకుండ చూచుట వేరు. అచ్చుపత్రికకు వందల ప్రతులుండగా, తెర మీది పత్రికకు తరచుగా ప్రచురణకర్త యంత్రములో ఉన్నదే ఏకైక ప్రతి. నడిపించు సంపాదకుడు విరమించినను, సంఘము మూతబడినను, వెబ్ చిరునామాకు కట్టవలసిన సొమ్ము నిలిచినను, పత్రిక యావత్తు ఒక్క దినమున మాయము కావచ్చును. 2000 నుండి 2019 వరకు ఇట్టి ఉచిత పత్రికలు 174 అంతర్జాలమునుండి అదృశ్యమైనవని 2021లో వెలువడిన ఒక పరిశీలన తెలిపినది. డి.ఓ.ఐ. అను గుర్తింపు సంఖ్య పొందిన సుమారు 74 లక్షల రచనలను మరొక పరిశోధకుడు పరీక్షించి, వానిలో సుమారు 28 శాతము ఏ ప్రధాన భద్రాగారములోను కనబడలేదని 2024లో ప్రకటించినాడు. గుర్తింపు సంఖ్య ఉన్నంతమాత్రమున వస్తువు భద్రమైనట్లు కాదు.

దీనికి ఉపాయమేమి? అది మనకు తెలియనిది కాదు. తాళపత్రము శిథిలము కాకముందే దానికి మరొక ప్రతి వ్రాయించుట మన పూర్వుల పద్ధతి. పందొమ్మిదవ శతాబ్దిలో సి.పి. బ్రౌను కడపలో పండితులను, లేఖకులను జీతమిచ్చి నియమించి, తెలుగు కావ్యముల ప్రతులను సేకరించి, ఒకదానితో నొకటి పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. అనేక ప్రతులు, వానిని పోల్చిచూచుట, తప్పును సరిదిద్దుట: ఈ మూడే నేటికిని మూలసూత్రములు.

1999లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ గ్రంథాలయము ప్రారంభించిన ‘లాక్స్’ ఏర్పాటు ఈ సూత్రముల మీదనే నడుచును. వేర్వేరు ఊళ్లలోని గ్రంథాలయములు తలకొక ప్రతిని తమ యంత్రములలో ఉంచుకొనును. వ్యాసమునుండి లెక్కకట్టిన ఒక చిన్న సంఖ్యను ఆ యంత్రములు పరస్పరము సరిచూచుకొనును. ఒక్క అక్షరము చెడినను ఆ సంఖ్య మారును. తక్కినవానితో పొసగని ప్రతిని మంచి ప్రతినుండి బాగుచేసికొనును. ‘ఓపెన్ జర్నల్ సిస్టమ్స్’ అను సాఫ్ట్‌వేరును 2001లో వెలువరించిన కెనడా సంస్థ, దానితో నడుచు పత్రికలకు ఇట్టి రక్షణను ఉచితముగా కల్పించినది. మన వ్యవసాయ పరిశోధన మండలి పత్రికలును ఆ సాఫ్ట్‌వేరు మీదనే వెలువడుచున్నవి. అయితే ఈ రక్షణ దానంతట అది రాదు. పత్రిక నడుపువారు పూనుకొని చేరవలెను.

ప్రతి నిలిచిన చాలదు, చదువుటకు వీలుగా కూడ నిలువవలెను. తెలుగు వారికి ఈ అనుభవము బాగుగా తెలియును. 1991లోనే తెలుగు లిపి యూనికోడ్‌లో చేరినను, చాలకాలము ఎవరి ఫాంటు వారు వాడుకొన్నారు. ఆ ఫాంటు లేని యంత్రములో నాటి వ్రాతలు అర్థములేని గుర్తులుగా కనబడును. కాగితము చినుగలేదు, సిరా వెలియలేదు. అయినను అక్షరము పోయినది. కావున వ్రాతను యూనికోడ్‌లో ఉంచుట, దీర్ఘకాల రక్షణకై 2005లో ప్రమాణముగా వెలువడిన ‘పి.డి.ఎఫ్-ఎ’ రూపములో దాచుట మేలు.

మన ఇండ్లలో పరిశోధన చేయు బిడ్డలున్నారు. మన కళాశాలలు, సంఘములు పత్రికలు నడుపుచున్నవి. అట్టివారిని మనము మూడు ప్రశ్నలు అడుగవచ్చును: మీ పత్రికకు ప్రతులెన్ని? అవి ఎవరెవరి చేతులలో ఉన్నవి? మీరు లేనినాడు వానిని చూచువారెవరు? ఈ మూటికిని సమాధానమున్నచో హయత్‌నగర్ చెల్కలో ఒక యేడు కురిసిన వాన చెప్పిన పాఠము, రాబోవు తరము రైతునకు కూడ అందును.