మోటారుకారులో సంగీతము

1930లో అమెరికాలోని చికాగో నగరమున పాల్ గాల్విన్ అను వ్యాపారి నడిపిన సంస్థ ‘మోటరోలా’ అను పేరుతో కారు రేడియోను అమ్మకమునకు తెచ్చెను. ఇంజను రొద నడుమ మాటలు స్పష్టముగా వినిపించుటయే ఆనాటి సమస్య. నేటి సమస్య వేరు. కారుతో వచ్చిన యంత్రము తృప్తినీయనివారు అంగడికి పోయి, పెట్టెపై పెద్ద అంకె ఉన్న దానిని కొని తెచ్చుచున్నారు. శబ్దము పెరుగుచున్నది కాని సంగీతము బాగుపడుట లేదు. దీనికి కారణమేమి?

ముందుగా ఆ అంకెనే పరిశీలింపవలెను. ‘ఒక్కొక్క స్పీకరుకు 50 వాట్లు’ అని పెట్టెలపై వ్రాసియుండుట కలదు. ఇంజను నడచునప్పుడు కారులోని విద్యుత్పీడనము సుమారు 14.4 వోల్టులు. స్పీకరు నిరోధము సాధారణముగా 4 ఓములు. 14.4ను 14.4చే హెచ్చించి 4చే భాగించినచో సుమారు 52 వచ్చును. పెట్టెపై అంకె ఇట్టి లెక్క నుండి పుట్టినదే. కాని ఇది విద్యుత్పీడనము గరిష్ఠ స్థానమున తగ్గక నిలిచినప్పటి మాట. సంగీత తరంగమో, నిరంతరము లేచి పడుచుండును. శుద్ధస్వరమునకు లెక్కించినచో ఇందు సగము, అనగా 26 వాట్లే వచ్చును. యంత్రములోని నష్టములు పోగా మిగులునది సుమారు 20. అంతకు మించి పెంచబోయినచో తరంగముల శిఖరములు కత్తిరించినట్లగును. చెవికి గరగరమని తోచునది ఇదియే.

వాట్లు రెట్టింపైనను శబ్దము రెట్టింపు కాదు. 3 డెసిబెల్లు మాత్రమే హెచ్చును. అది చెవికి కొద్దిపాటి భేదము. రెట్టింపు బిగ్గరగా తోచుటకు సుమారు 10 డెసిబెల్లు, అనగా పదిరెట్ల శక్తి కావలెను. ఉన్న శక్తితోనే 3 డెసిబెల్లు ఎక్కువ పలుకు స్పీకరును ఎన్నుకొన్నచో, రెట్టింపు శక్తిగల ఆంప్లిఫయరును కొన్నంత ఫలము లభించును.

అంతకంటె ముఖ్యమైనది కారు తలుపు. స్పీకరులోని శంకువు ముందుకు కదలినపుడు ముందరి గాలి ఒత్తబడును, వెనుక గాలి పలుచబడును. ఈ రెండును కలిసినచో ఒకదానినొకటి రద్దు చేయును. ఎత్తు స్వరముల తరంగములు పొట్టివి గనుక వానికి నష్టము తక్కువ. 50 హెర్ట్జుల మంద్రస్వరపు తరంగము పొడవు సుమారు 7 మీటర్లు. తలుపులోని రంధ్రముల గుండా వెనుక తరంగము ముందుకు వచ్చి, మృదంగపు ఎడమ వైపు మ్రోతను మ్రింగివేయును. ఈ రంధ్రములను మూసి, స్పీకరు అంచున మెత్తని స్పంజి పట్టీ వేసి, అదరు రేకునకు బరువైన జిగురు పట్టాలు అంటించినచో పాత స్పీకరే నిండుగా పలుకును. తలుపు అడుగున నీరు పోవు కన్నములను మాత్రము మూయరాదు. మూసినచో నీరు నిలిచి రేకు త్రుప్పు పట్టును.

ఇంకను మంద్రస్వరము కావలెనన్నచో ప్రత్యేకమగు ఆంప్లిఫయరును అమర్చుదురు. అది బ్యాటరీ పీడనమును తనలోనే పెంచుకొనును. 500 వాట్లు ఇచ్చు ఆంప్లిఫయరు నూటికి 80 పాళ్ల సామర్థ్యముతో పనిచేసినచో 625 వాట్లు తీసికొనును, అనగా 13.8 వోల్టుల వద్ద సుమారు 45 ఆంపియర్లు. దీనిని మోయుటకు లావైన రాగితీగను బ్యాటరీ నుండి నేరుగా తేవలెను. రాగిపూత గల అల్యూమినియము తీగ చూచుటకు అట్లే ఉన్నను దాని నిరోధము హెచ్చు.

ఈ తీగకు ఫ్యూజు తప్పనిసరి. ఇది ఆంప్లిఫయరు కొరకు కాదు, తీగ కొరకు. ఇంజను గది రేకునకు ఒరసి తీగ తొడుగు చిరిగినచో బ్యాటరీ నుండి వందల ఆంపియర్లు ప్రవహించి తీగ నిప్పువలె కాలును. ఆ ప్రవాహము చిరిగిన చోటనే రేకులోనికి పోవును గనుక ఆంప్లిఫయరు చెంతనున్న ఫ్యూజునకు దాని సంగతియే తెలియదు. కావున ఫ్యూజును బ్యాటరీకి రెండు జానలలోపుననే ఉంచి, తీగ రేకును దాటు చోట రబ్బరు వలయము తొడుగవలెను. ఈ చిన్న పని విడిచినందువలన కారే దగ్ధము కావచ్చును.

చివరకు చెవి సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారము 80 డెసిబెల్ల శబ్దమును వారమునకు 40 గంటలు వినవచ్చును. 90 డెసిబెల్లైనచో 4 గంటలే. లోపలి చెవిలోని సున్నితమైన కణములు ఒకసారి నశించినచో మనుష్యునికి అవి తిరిగి పుట్టవు. తలుపులు చక్కబరచిన కారులో బయటి రొద తగ్గును గనుక తక్కువ శబ్దమునకే పాట నిండుగా వినబడును. వెనుక నుండి వచ్చు అంబులెన్సు కేక కూడ ఆ పాటలో మునిగిపోదు.