మట్టి లేని గంజాయికీ పాత తూకమే

ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల్లో గంజాయి వానకు, ఎండకు పెరుగుతుంది. గదుల్లో మట్టి లేకుండా పెంచే హైడ్రోపోనిక్ గంజాయికి పోషకాలు కలిపిన నీరు, దీపకాంతి ఆధారం. ఉష్ణోగ్రత, నీటి ఆమ్లత్వం నిత్యం అదుపులో ఉండాలి. నీటిలో ప్రాణవాయువు తగ్గితే వేళ్లు కుళ్లిపోతాయి. ఈ వ్యయప్రయాసల వల్ల దాని ధర ఎక్కువ. మత్తు కలిగించే టీహెచ్‌సీ పాలు కూడా సాధారణంగా అధికమే.

2022 జూన్‌లో థాయిలాండ్ గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుంచి తొలగించింది. తదుపరి సంవత్సరాల్లో బ్యాంకాక్ ప్రయాణికుల వద్ద ఈ సరకు భారత విమానాశ్రయాల్లో పదేపదే పట్టుబడింది. 2025 జూన్‌లో ఆ దేశం వైద్యుని చీటీని తప్పనిసరి చేసింది.

భారత్‌లో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం శిక్షను నిర్ణయించేది గంజాయి బరువే. 20 కిలోలు మించితే వాణిజ్య పరిమాణం; కనీస శిక్ష 10 సంవత్సరాల కఠిన కారాగారం, బెయిలు దుర్లభం. మూట మోసే గిరిజన కూలీ వద్ద 21 కిలోల నాటు సరకు దొరికితే ఈ కనీస శిక్ష తప్పదు. 15 కిలోల ఖరీదైన హైడ్రోపోనిక్ సరకుతో దిగిన ప్రయాణికునికి 10 సంవత్సరాలు గరిష్ఠ శిక్ష మాత్రమే. తూకంతో పాటు మత్తు తీవ్రతనూ లెక్కించనిదే ఈ వ్యత్యాసం తొలగదు.